అంబాసిడర్‌ని గట్టిగా తొక్కితే ఎత్తుకోవట్లేదా? కార్బురేటర్ విప్పకముందు ఇవి చూడండి

మీరు చెప్పిన లక్షణాలు ఇవి. 1977 అంబాసిడర్ మార్క్ 3, 1489 సీసీ పెట్రోల్ ఇంజిన్, సోలెక్స్ కార్బురేటర్ (గాలినీ పెట్రోలునీ కలిపే భాగం). తొక్కకుండా వదిలినప్పుడు ఐడ్లింగ్ నిలకడగానే ఉంది. మెల్లగా తొక్కుతూ పోతే ఏ ఇబ్బందీ లేదు. మూడో గేరులో లారీని దాటడానికి ఒక్కసారిగా తొక్కితే మాత్రం బండి క్షణకాలం చచ్చుబడిపోయి, కార్బురేటర్‌లోంచి టప్‌మని తుమ్మి, ఆ తర్వాత ఎత్తుకుంటోంది. ఇప్పటికే రెండుసార్లు కార్బురేటర్ దించి కిట్ (కొత్త వాషర్లు, డయాఫ్రమ్) వేయించారు, తేడా రాలేదు. మూడోసారి దించమని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. రెండుసార్లు శుభ్రం చేసినా పోని జబ్బుకు మూలం చాలావరకు కార్బురేటర్ బయట ఉంటుంది. లేదా కార్బురేటర్‌ని తప్పు టైమింగ్ (స్పార్క్ పడే సమయం) మీద సెట్ చేసి ఉంటారు.

పానా పట్టుకునే ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది: బండి ఏ క్షణంలో తడబడుతోంది? తొక్కిన వెంటనే తడబడి అర సెకనులో సర్దుకుంటే ఆ క్షణానికి కావాల్సిన అదనపు పెట్రోలు అందలేదనో, టైమింగ్ వెనకబడి ఉందనో అనుకోవాలి. తొక్కగానే బాగా ఎత్తుకుని, మూడు నాలుగు సెకన్లు లాగాక నీరసించిపోతే ఫ్లోట్ చాంబర్ (కార్బురేటర్‌లో పెట్రోలు నిలవుండే గిన్నె) ఖాళీ అవుతోందని అర్థం. అప్పుడు చూడాల్సింది ఏసీ పంపు (ట్యాంకు నుంచి పెట్రోలు లాగేది), ఫిల్టరు, పైపులు, ట్యాంకు. లాగుతున్నంతసేపూ కుదుపులతో మిస్సింగ్ కొడితే అది కరెంటు వైపు సమస్య. ఇంజిన్ మోత పెరుగుతున్నా స్పీడు పెరగకపోతే క్లచ్ జారుతోంది, ఇక మిగతాదేదీ వెతకనక్కర్లేదు.

శబ్దం కూడా చెబుతుంది. కార్బురేటర్‌లోంచి తుమ్మితే మిశ్రమం పలచనైంది, అంటే గాలి ఎక్కువై పెట్రోలు తక్కువైంది. పలచని మిశ్రమం నిదానంగా మండుతుంది. తర్వాతి చూషణకు ఇన్లెట్ వాల్వ్ తెరుచుకునేసరికి కూడా సిలిండర్లో మంట మిగిలి ఉంటుంది, అది మానిఫోల్డ్‌లోకి ఎగదన్నుతుంది. అదే తుమ్ము. సైలెన్సర్‌లో పేలితే మిశ్రమం మండకుండానే బయటికి పోయిందన్నమాట. అంటే స్పార్క్ తప్పుతోంది. నల్లపొగతో బరువుగా లాగితే పెట్రోలు ఎక్కువైంది. మీది తుమ్ము కాబట్టి పలచన వైపే అనుమానించాలి. కానీ దానికి కారణం కార్బురేటరే కానక్కర్లేదు.

రెండు నిమిషాల్లో అయ్యే పరీక్ష ఇది. ఇంజిన్ బాగా వేడెక్కాక, ఖాళీ రోడ్డు మీద చోక్‌ని పావు వంతు లాగి అదే గేరులో, అదే స్పీడులో మళ్లీ గట్టిగా తొక్కండి. తడబాటు తగ్గితే పలచన ఖాయం. ఏ మార్పూ లేకపోతే స్పార్క్, టైమింగ్ వైపు వెళ్లండి. ఇంకా పెరిగితే మిశ్రమం ఇప్పటికే చిక్కగా ఉంది. పొద్దున్నే చల్లటి ఇంజిన్ మీద తడబాటు చూసి కంగారు పడకండి. మానిఫోల్డ్ వేడెక్కేదాకా ఈ ఇంజిన్లన్నీ అంతే.

ఫలితం ఏదైనా సరే, పని డిస్ట్రిబ్యూటర్ (ప్లగ్గులకు వంతులవారీగా స్పార్క్ పంచేది) దగ్గరే మొదలుపెట్టాలి. గట్టిగా తొక్కినప్పుడు సిలిండర్‌లోకి గాలి నిండుగా వెళ్తుంది, లోపలి ఒత్తిడి పెరుగుతుంది. ఆ ఒత్తిడిలో ప్లగ్గు సందు దాటడానికి ఐడ్లింగ్‌లో కన్నా చాలా ఎక్కువ వోల్టేజి కావాలి. అందుకే నీరసంగా ఉన్న కాయిల్ (వోల్టేజి పెంచేది), చిట్లిన హెచ్‌టీ వైరు (ప్లగ్గుకి ఆ వోల్టేజి తెచ్చేది), గ్యాప్ పెరిగిన ప్లగ్గు ఐడ్లింగ్‌లో దొరకవు, లోడు పడ్డప్పుడే బయటపడతాయి. ప్లగ్గు బయటికి తీసి బాడీకి ఆనించి "స్పార్క్ వస్తోంది కదా" అనడం దేనికీ రుజువు కాదు. బయటి గాలిలో నీరసపు కాయిల్ కూడా స్పార్క్ ఇస్తుంది. ప్లగ్గు గ్యాప్ 0.6 నుంచి 0.65 మి.మీ. ఉండాలి. మామూలు కాయిల్ ప్రైమరీ 3 ఓమ్‌ల దగ్గర చూపాలి. ఇంజిన్ వేడిగా ఉన్నప్పుడు కూడా ఒకసారి కొలవండి. రాత్రిపూట బానెట్ ఎత్తి, హెచ్‌టీ వైర్ల మీద నీళ్లు సన్నగా స్ప్రే చేస్తే లీకున్న చోట నీలి మెరుపులు కనిపిస్తాయి. చేతులు మాత్రం దూరంగా పెట్టండి.

ఇక డిస్ట్రిబ్యూటర్ క్యాప్ తీయండి. లోపల మధ్యలో ఉండే కార్బన్ బ్రష్ స్ప్రింగుతో ఆడుతోందా, అరిగిపోయిందా చూడండి. తర్వాత పాయింట్లు, అంటే తెరుచుకుంటూ మూసుకుంటూ కాయిల్ కరెంటుని ఆపే స్విచ్చు. లూకాస్ రకం డిస్ట్రిబ్యూటర్లో గ్యాప్ 0.35 నుంచి 0.40 మి.మీ., అంటే 14 నుంచి 16 థౌ (అంగుళంలో వెయ్యో వంతులు). ఫీలర్ గేజ్‌తో (సందు కొలిచే రేకులతో) కొలిచేముందు పాయింట్ల ముఖం చూడండి. ఒకదాని మీద మొటిమ, రెండోదాంట్లో గుంట ఉంటే ఆ మొటిమ మీద గేజ్ ఆని తప్పు కొలత వస్తుంది. అలాంటి పాయింట్లను మార్చేయండి, కండెన్సర్ కూడా మార్చండి. గ్యాప్ పెట్టాక షాఫ్ట్‌ని వేలితో పక్కకి నొక్కి మళ్లీ కొలవండి. గ్యాప్ 0.05 మి.మీ. కన్నా ఎక్కువ మారితే బుష్ అరిగింది. బుష్ వేయించేదాకా ఏ టైమింగూ నిలవదు.

అందరూ వదిలేసేది పాయింట్లు బిగించి ఉన్న బేస్ ప్లేటు. వాక్యూమ్ అడ్వాన్స్ (ఇంజిన్ పీల్పుతో స్పార్క్‌ని ముందుకి జరిపే డబ్బా) ఈ ప్లేటును లాగుతూ వదులుతూ ఉంటుంది. మెల్లగా పోతున్నప్పుడు వాక్యూమ్ ఉంటుంది కాబట్టి ప్లేటు ఒకవైపుకి తిరిగి ఉంటుంది. ఒక్కసారిగా తొక్కగానే వాక్యూమ్ పడిపోయి ప్లేటు స్ప్రింగుతో వెనక్కి జారుతుంది. మీ బండి తడబడేది సరిగ్గా ఆ క్షణంలోనే. ప్లేటుతో పాటు రెండు వైర్లు కదులుతాయి. ఒకటి బయటి టెర్మినల్ నుంచి పాయింట్లకు వచ్చే సన్నటి వైరు, రెండోది ప్లేటుని బాడీకి కలిపే జడలా అల్లిన ఎర్త్ వైరు. ఏళ్ల తరబడి వంగి వంగి పాయింట్ల వైరు తొడుగు లోపలే తెగిపోతుంది. పైకి చూస్తే నిక్షేపంలా ఉంటుంది. ఐడ్లింగ్‌లో తెగిన కొసలు తాకుతూనే ఉంటాయి, ప్లేటు జరగ్గానే విడిపోతాయి. పరీక్ష సులువు. క్యాప్, దాని కింద తిరిగే రోటర్ తీసి, పాయింట్లు మూసుకున్న స్థితిలో ఇగ్నిషన్ ఆపి, కాయిల్ దగ్గర వైరు విడదీసి, మల్టీమీటర్ని ఆ వైరుకీ ఇంజిన్ బాడీకీ మధ్య పెట్టండి. బేస్ ప్లేటుని వేలితో అటూ ఇటూ తిప్పండి, వైరుని సన్న పట్టకారుతో కొద్దిగా కదపండి. రీడింగ్ సున్నా దగ్గర కదలకుండా ఉండాలి. ఒక్కసారి ఎగిరినా ఆ వైరు మార్చాలి. మెత్తటి, సన్న తీగల వైరే వాడండి. మామూలు ఆటో వైరు వేస్తే గట్టిగా ఉండి ప్లేటుని కదలనివ్వదు.

వాక్యూమ్ డయాఫ్రమ్ చిరిగితే ముఖ్యంగా పోయేది మైలేజీ, మెల్లగా పోయేటప్పటి చురుకు. గట్టిగా తొక్కినప్పుడు వాక్యూమ్ ఎలాగూ ఉండదు. అప్పుడు టైమింగ్‌ని ముందుకి జరిపేవి ప్లేటు కింద ఉన్న బరువులు. రోటర్‌ని అది తిరిగే దిశలోనే చేత్తో కొద్దిగా తిప్పి వదలండి. చటుక్కున వెనక్కి రావాలి. బద్ధకంగా వచ్చినా, అసలు రాకపోయినా గ్రీజు ఎండి బరువులు పట్టేశాయి. రోటర్ తీశాక కనిపించే స్క్రూ మీద రెండు చుక్కల ఇంజిన్ ఆయిల్ వేస్తే కొన్ని కదులుతాయి. లేకపోతే విప్పి కడగాలి.

టైమింగ్ సంగతి. ఈ బండ్లలో ఇన్నేళ్లలో ఇంజిన్లు, పుల్లీలు, టైమింగ్ కవర్లు మారిపోయి ఉంటాయి. కాబట్టి పుల్లీ మీది గుర్తు నిజంగా టీడీసీయేనా (పిస్టన్ పూర్తిగా పైకొచ్చిన స్థానమేనా) అన్నది ఒకటో ప్లగ్గు రంధ్రంలోంచి పిస్టన్ ఎత్తు చూసి ఖాయం చేసుకోండి. తర్వాత 12 వోల్టుల చిన్న బల్బుని కాయిల్‌కి డిస్ట్రిబ్యూటర్ వైరు తగిలించే టెర్మినల్‌కీ బాడీకీ మధ్య పెట్టి ఇగ్నిషన్ ఆన్ చేయండి. హ్యాండిల్‌తో ఇంజిన్ని తిరిగే దిశలో మెల్లగా తిప్పుతూ పోతే, పాయింట్లు విడిపోయిన క్షణంలో బల్బు వెలుగుతుంది. అది మాన్యువల్ చెప్పిన డిగ్రీ దగ్గర వెలగాలి. మార్చాలంటే, డిస్ట్రిబ్యూటర్‌ని రోటర్ తిరిగే దిశకు ఎదురుగా తిప్పితే అడ్వాన్స్ (స్పార్క్ ముందుకి), అదే దిశలో తిప్పితే రిటార్డ్ (వెనక్కి). చివరి సర్దుబాటు రోడ్డు మీదే: టాప్ గేరులో 40 కి.మీ. స్పీడు నుంచి పూర్తిగా తొక్కినప్పుడు నాకింగ్ (ఇంజిన్ టకటక) వినీ వినపడనట్టు మొదలయ్యేదాకా అడ్వాన్స్ చేసి, అక్కడి నుంచి ఒకటి రెండు డిగ్రీలు వెనక్కి తేవాలి.

టైమింగ్ గురించి ఇంత చెప్పడానికి కారణం ఉంది. టైమింగ్ వెనకబడితే ఐడ్లింగ్ పడిపోతుంది. మెకానిక్ ఏం చేస్తాడు? థ్రాటిల్ స్క్రూ బిగించి ఐడ్లింగ్ పెంచుతాడు. సోలెక్స్‌లో థ్రాటిల్ ప్లేటు అంచు దగ్గర, గోడలో చిన్న ప్రోగ్రెషన్ రంధ్రాలుంటాయి. ఐడిల్ నుంచి మెయిన్ జెట్ (స్పీడులో పెట్రోలు ఇచ్చే రంధ్రం) అందుకునేదాకా మధ్యలో పెట్రోలు ఇచ్చేవి అవే. థ్రాటిల్ స్క్రూ ఎక్కువ బిగిస్తే ఐడ్లింగ్‌లోనే ప్లేటు ఆ రంధ్రాలను దాటి నిలబడుతుంది. తొక్కే సమయానికి వాటి వంతు అయిపోయి ఉంటుంది, మెయిన్ జెట్ ఇంకా అందుకోదు. ఆ ఖాళీలోనే బండి తుమ్ముతుంది. ఇలాంటి కార్బురేటర్‌ని ఎన్నిసార్లు కడిగినా లాభం లేదు.

ఈ లోపాన్ని కార్బురేటర్ విప్పకుండానే పట్టుకోవచ్చు. వాక్యూమ్ అడ్వాన్స్‌కి వెళ్లే సన్న పైపు థ్రాటిల్ ప్లేటు అంచుకి కాస్త పైనుంచి మొదలవుతుంది. ఐడ్లింగ్‌లో ఆ పైపుని డిస్ట్రిబ్యూటర్ దగ్గర ఊడదీసి వేలు పెట్టండి. పీల్పు దాదాపు ఉండకూడదు. గట్టిగా పీలుస్తుంటే ప్లేటు ఎక్కువ తెరిచి ఉందన్నమాట. ముందు టైమింగ్ సరిచేసి, మిక్స్చర్ స్క్రూని (ఐడ్లింగ్ మిశ్రమాన్ని సరిచేసేదాన్ని) మెల్లగా చివరిదాకా బిగించి, ఒకటిన్నర చుట్లు వదలండి. థ్రాటిల్ స్క్రూ వదులుతూ, మిక్స్చర్ స్క్రూ అటూ ఇటూ తిప్పుతూ, 650 నుంచి 700 ఆర్‌పీఎం దగ్గర నున్నగా నిలబెట్టండి. సోలెక్స్‌లో మిక్స్చర్ స్క్రూ బయటికి తిప్పితే చిక్కన.

ఇప్పుడు యాక్సిలరేటర్ పంపు. థ్రాటిల్ ఒక్కసారిగా తెరిస్తే గాలి తేలిక కాబట్టి వెంటనే దూసుకెళ్తుంది, పెట్రోలు వెనకబడుతుంది. పైగా వాక్యూమ్ పోగానే మానిఫోల్డ్‌లో ఆవిరిగా ఉన్న పెట్రోలు గోడలకి అంటుకుంటుంది. ఈ లోటు తీర్చడానికే కార్బురేటర్ పక్కన డయాఫ్రమ్ పంపు పెట్టారు. ఇంజిన్ ఆపి, ఎయిర్ క్లీనర్ తీసి, టార్చి వేసి పైనుంచి చూస్తూ థ్రాటిల్‌ని చేత్తో తెరవండి. కదలిక మొదలైన క్షణం నుంచే సన్నటి గట్టి ధార రావాలి, థ్రాటిల్ ఆగాక కూడా కాసేపు కొనసాగాలి. పావు వంతు తెరిచాక ధార మొదలైతే లింకు రాడ్‌లో ఆట ఉంది. పిన్ను రంధ్రాలు అరిగి కోలగా మారి ఉంటాయి. ముందు ఆ ఆట తీసేయండి. ధార బదులు చుక్కలే వస్తే జెట్ మూసుకుంది, లేదా డయాఫ్రమ్ పోయింది. మొదటి తోపుకి వచ్చి రెండోదానికి రాకపోతే ఫ్లోట్ చాంబర్ నుంచి పంపుకి వచ్చే దారిలోని బాల్ వాల్వ్ అంటుకుంది. ఆ బాల్ చాలా చిన్నది. సర్వీసు చేసేటప్పుడు ఎక్కడో పడిపోయి, దాని స్థానంలో చేతికి దొరికిన బాల్ వేసిన కార్బురేటర్లు బోలెడు. సైజు తప్పితే అది మూసుకోదు. పంపు తోసినప్పుడు పెట్రోలు ధారగా పోకుండా చాంబర్లోకే వెనక్కి పోతుంది. కొత్త కిట్‌లోని డయాఫ్రమ్ కూడా నమ్మొద్దు. చవక కిట్లలో రబ్బరు మందంగా, బిరుసుగా ఉంటుంది, పూర్తి స్ట్రోక్ రాదు. వేలితో వంచి చూస్తే తెలిసిపోతుంది.

గాలి లీకులు: కార్బురేటర్ కింది గ్యాస్కెట్, మానిఫోల్డ్ గ్యాస్కెట్, వాక్యూమ్ పైపు, థ్రాటిల్ షాఫ్ట్. ఐడ్లింగ్‌లో ఒక్కో చోట నీళ్లు కొద్దిగా స్ప్రే చేయండి. ఇంజిన్ శబ్దం మారిన చోట లీకుంది. వేడి మానిఫోల్డ్ మీద పెట్రోలు చల్లి చూసే అలవాటు మానుకోండి, బండి తగలబడుతుంది. షాఫ్ట్‌ని పైకీ కిందికీ కదిపితే టకటకలాడుతోందంటే లేత్ దగ్గర ఇత్తడి బుష్ వేయించాలి. కిట్‌తో అది పోదు.

పెట్రోలు సరఫరా మీ లక్షణానికి రెండో వరుస అనుమానమే, అయినా చూడండి. ఈ ఇంజిన్ పూర్తి బలంతో లాగేటప్పుడు గంటకు 15 లీటర్లకు పైగా, అంటే నిమిషానికి పావు లీటరు తాగుతుంది. కార్బురేటర్ దగ్గర పైపు ఊడదీసి సీసాలో పెట్టి, కాయిల్ వైరు తీసేసి సెల్ఫ్ కొట్టండి. ప్రతి తోపుకీ గట్టిగా చిమ్మాలి, బుడగలు రాకూడదు. బుడగలొస్తే ఏసీ పంపు గిన్నె వాషర్ దగ్గరో, ట్యాంకు వైపు రబ్బరు పైపు దగ్గరో గాలి పీలుస్తోంది. ఇంకో మంచి పరీక్ష: గట్టిగా లాగుతూ బండి నీరసించిన క్షణంలో క్లచ్ నొక్కి, ఇగ్నిషన్ ఆపి పక్కకి తీసుకుని, ఫ్లోట్ చాంబర్ మూత ఎత్తి మట్టం చూడండి. తగ్గి ఉంటే సరఫరా లోపం. ట్యాంకు మూత వదులు చేసి నడిపితే బాగుంటే గాలి రంధ్రం మూసుకుంది. ఫ్లోట్ మట్టాన్ని సోలెక్స్‌లో నీడిల్ వాల్వ్ కింది వాషర్ మందంతో సరిచేస్తారు. సర్వీసులో ఆ వాషర్ రెండు వేసినా, అసలు వేయకపోయినా మట్టం మారిపోతుంది. ఇత్తడి ఫ్లోట్‌ని చెవి దగ్గర ఊపి చూడండి, లోపల పెట్రోలు చేరి ఉంటే వినిపిస్తుంది.

ఈ రోజుల్లో తప్పక లెక్కలోకి తీసుకోవాల్సింది ఈ20. 2023 నుంచి బంకుల్లోకి వచ్చిన ఈ పెట్రోల్లో 20 శాతం ఇథనాల్ ఉంటుంది. మామూలు పెట్రోలు పూర్తిగా మండడానికి బరువు లెక్కన 14.7 వంతుల గాలి కావాలి. ఈ20కి 13.5 దరిదాపుల్లో చాలు. అంటే ఒకప్పటి జెట్టుతోనే నడిపితే మిశ్రమం దాదాపు 8 శాతం పలచనవుతుంది. సోలెక్స్ జెట్ మీది అంకె రంధ్రం వ్యాసాన్ని మిల్లీమీటరులో నూరో వంతుల్లో చెబుతుంది. 125ని 130 చేస్తే రంధ్రం వైశాల్యం సుమారు 8 శాతం పెరుగుతుంది. అంటే ఒక్క మెట్టు సరిపోతుంది. కానీ పైవన్నీ సరిచేశాకే జెట్ ముట్టుకోండి. వైరు తెగిన డిస్ట్రిబ్యూటర్‌ మీద జెట్ పెంచితే జబ్బు అలాగే ఉండి మైలేజీ మాత్రం పడిపోతుంది. పాత జెట్‌ని డ్రిల్ చేయించకండి, వెనక్కి రాలేరు. ఇథనాల్ పాత ట్యాంకులోని మడ్డిని కూడా కదిలిస్తుంది, కాబట్టి మొదట్లో ఫిల్టరు తరచూ మార్చాలి. పాతరకం రబ్బరు పైపులు లోపలివైపు ఉబ్బి దారి మూస్తాయి. ఇథనాల్‌కి తట్టుకునే పైపులు, వీలైతే వైటాన్ రబ్బరు డయాఫ్రమ్ వేయండి. తడబాటు రామగుండంలోనో రెంటచింతలలోనో మే నెల మధ్యాహ్నం మాత్రమే వచ్చి, సాయంత్రానికి మాయమైతే అది వేపర్ లాక్, అంటే వేడికి పెట్రోలు పైపులోనే ఆవిరై దారి మూసేయడం. పెట్రోలు పైపుని ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌కి దూరంగా జరిపి, మధ్యలో రేకు అడ్డం పెట్టండి.

మోరిస్ మైనర్ లాంటి ఎస్‌యు కార్బురేటర్ బండ్లున్నవాళ్లకి ఒక్క మాట: వాటిలో యాక్సిలరేటర్ పంపు ఉండదు. పైన ఉండే డాష్‌పాట్ గిన్నెలోని నూనె పిస్టన్‌ని కాస్త నిదానంగా లేపి మిశ్రమాన్ని చిక్కన చేస్తుంది. నూనె అయిపోతే ఇదే తుమ్ము వస్తుంది. మూత విప్పి నూనె పోస్తే పోయేదానికి కార్బురేటర్ దించినవాళ్లున్నారు.

ఇవన్నీ సరిచేశాక కూడా తడబాటు మిగిలితే టాపెట్లు (వాల్వుల సందు) 15 థౌకి సెట్ చేసి కంప్రెషన్ చూడండి. నాలుగు ప్లగ్గులూ తీసి, థ్రాటిల్ పూర్తిగా తెరిచి, సెల్ఫ్ కొట్టి కొలవాలి. సిలిండర్ల మధ్య తేడా 10 శాతం దాటితే, తక్కువ ఉన్నదాంట్లో ఒక చెంచా ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ కొలవండి. రీడింగ్ పెరిగితే రింగులు. పెరగకపోతే వాల్వులో హెడ్ గ్యాస్కెట్టో, అప్పుడు హెడ్ దించాల్సిందే.